ఏక శరీరము, రెండు లెక్కలు

వివాహము ఇద్దరిని ఏక శరీరముగా చేయుననునది ఆదికాండము రెండవ అధ్యాయము మొదలుకొని లేఖనముల బోధ. క్రైస్తవ వివాహారాధనలలో ఈ సత్యము వినబడని చోటు అరుదు. అయితే పెండ్లి పందిరి విప్పిన తరువాత, జీతము చేతికి వచ్చిన దినమున, ఈ సత్యమునకు అర్థమేమి? భర్త సంపాదన భార్యదగునా? భార్య జీతము భర్తదగునా? వారు ఒకరికొకరు ఇచ్చుకొనునది నిజముగా కానుకయా, లేక ఒక జేబులోనిది మరియొక జేబులో వేసికొనుటయేనా? ప్రభుత్వము పన్ను అడిగినప్పుడు ఆ యింట నున్నది ఒక్కరా, ఇద్దరా?

ఇవి ఆడిటరు చూచుకొనవలసిన సంగతులేగాని ఆత్మీయ జీవితమునకు సంబంధించినవి కావని కొందరు తలంచుదురు. కాని కుటుంబ ప్రార్థనలో పలికిన మాటలు ఎంతవరకు నిజమో, ఆ కుటుంబపు బ్యాంకు పుస్తకము కొంతవరకు తెలుపును. పన్నును గూర్చిన ప్రశ్నకు ప్రభువు దేనారమును చేతబట్టి జవాబిచ్చెను గనుక, ఈ విషయము ఆయన శిష్యులకు అల్పమైనది కానేరదు.

చట్టము ఎదుట ఇద్దరే

క్రైస్తవ దంపతుల ఆస్తి విషయములో భారతదేశపు చట్టము చాలకాలము క్రిందటనే స్పష్టముగా మాటలాడినది. 1925 నాటి భారత వారసత్వ చట్టము, 20వ సెక్షను ప్రకారము, వివాహము చేసికొన్నంత మాత్రమున ఒకరి ఆస్తిలో మరియొకరికి హక్కు కలుగదు. పెండ్లికి ముందు తన ఆస్తి విషయములో చేయగలిగినది పెండ్లియైన తరువాత చేయలేకపోవుటయు ఉండదు. హిందూ, మహమ్మదీయ మొదలగు మతస్థుల వివాహములకు ఈ సెక్షను వర్తింపదు, క్రైస్తవులకు వర్తించును. దీనికి మూలము 1865 నాటి వారసత్వ చట్టము. అటుపిమ్మట 1874లో వచ్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టము, భార్య తన ఉద్యోగమువలన గాని, వృత్తివలన గాని, తన విద్యానైపుణ్యమువలన గాని సంపాదించినదియు, దానినుండి కూడబెట్టినదియు ఆమె సొంత ఆస్తియని నిర్ణయించెను.

ఈ చట్టములు ఎందుకు అవసరమాయెనో చెప్పుటకు ఇంగ్లండు దేశపు పాత న్యాయమును జ్ఞాపకము చేసికొనవలెను. అక్కడ దంపతులు ఒక్కరేయని న్యాయశాస్త్రము చెప్పెడిది. ఆ ఒక్కరు భర్త. భార్య సొమ్ములు పెండ్లితోనే భర్త అధీనమగుచుండెను. 1870, 1882 సంవత్సరముల చట్టములు ఆస్తి విషయములో దీనిని సవరించినను, పన్ను లెక్కలో భార్య ఆదాయము భర్త ఆదాయముగా ఎంచబడుట 1990 ఏప్రిల్ వరకు అక్కడ సాగెను. అనగా “ఇద్దరు ఒక్కటే” అను పవిత్రమైన మాటను, ఒకరిని తుడిచివేయుటకును వాడవచ్చునని చరిత్ర చూపినది.

భారతదేశములో ఆదాయపు పన్ను లెక్కకు భార్య వేరు, భర్త వేరు. దంపతులిద్దరు కలిసి ఒకే రిటర్ను దాఖలు చేయు పద్ధతి ఇక్కడ లేదు. హిందువులకున్న అవిభక్త కుటుంబమను ప్రత్యేక పన్ను హోదా క్రైస్తవులకు లేదు. ఎవరి సంపాదనకు వారే జవాబుదారులు.

కానుక ఇచ్చుటకు అడ్డులేదు

అట్లయినచో భర్త భార్యకు డబ్బు ఇచ్చుట నేరమా? ఎంతమాత్రమును కాదు. కానుకలపై పన్ను విధించుచు 1958లో ఒక చట్టము వచ్చెను. 1998 అక్టోబరు 1 తరువాత ఇచ్చిన కానుకలకు అది వర్తింపదు. ఇప్పుడు సంవత్సరములో 50,000 రూపాయలకు మించి పరులవలన కానుకగా పుచ్చుకొన్నచో, పుచ్చుకొన్నవారికి అది ఆదాయముగా ఎంచబడును. కాని భార్యాభర్తలు, తలిదండ్రులు, తోబుట్టువులు మొదలగు బంధువులు ఇచ్చినదానికి ఈ పరిమితి లేదు. ఒకరి వివాహ సమయమున వారికి వచ్చిన కానుకలకును పన్ను లేదు. కాబట్టి భర్త భార్యకు పదివేలిచ్చినను పదిలక్షలిచ్చినను, ఆ ఇచ్చుటను బట్టి ఎవరికిని పన్ను రాదు.

చిక్కు అటుపిమ్మట వచ్చుచున్నది. ఒక ఉద్యోగి తన ఆదాయములో పైభాగమునకు 30 శాతము పన్ను చెల్లించువాడనుకొందము. అతడు పది లక్షల రూపాయలను ఆదాయము లేని తన భార్య పేరిట 7 శాతము వడ్డీకి డిపాజిట్టు చేసెను. సంవత్సరమునకు వడ్డీ 70,000. అది ఆమె ఆదాయమైనచో పన్ను ఉండదు. అతనిదైనచో 21,000 పన్నును, దానిపై 4 శాతము సెస్సు 840యు కలిసి 21,840 రూపాయలగును. ఇక్కడ చట్టము, సొమ్ము ఇచ్చినవాడు భర్తయే గనుక, ఆ వడ్డీని అతని ఆదాయములోనే కలుపవలెనని చెప్పుచున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 64వ సెక్షనుగా ఉండిన ఈ నియమము, 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్ణయింపబడిన 2025 నాటి చట్టములోను నిలుపబడినది. ఇల్లు వ్రాసియిచ్చినను అంతే. అద్దె లెక్కకు ఇచ్చినవాడే యజమానుడుగా ఎంచబడును. భార్య భర్తకిచ్చినప్పుడును ఇదే న్యాయము. రిటర్నులో ఈ ఆదాయమును చూపుటకు ప్రత్యేకమైన పట్టిక ఉన్నది గనుక, తెలియలేదను సాకు నిలువదు.

ఈ నియమమునకు హద్దులును కలవు. తగిన వెల పుచ్చుకొని అమ్మినచో ఇది వర్తింపదు. వేరుగా నివసింపవలెనను ఒప్పందమును బట్టి ఇచ్చినదానికిని వర్తింపదు. భర్త ఇచ్చిన పది లక్షలపై వచ్చిన 70,000 వడ్డీ అతని ఆదాయములో కలుపబడినను, ఆ వడ్డీని ఆమె మరల డిపాజిట్టు చేయగా వచ్చు వడ్డీ ఆమె సొంత ఆదాయమే. పెండ్లికి ముందు కాబోయే భార్యకు షేర్లు ఇచ్చిన ఒకని విషయములో సుప్రీం కోర్టు 1963లో తీర్పు చెప్పుచు, ఇచ్చిన దినమున వారు దంపతులు కారు గనుక ఆ ఆదాయమును అతని లెక్కలో కలుపరాదనెను. అదే కాలములో మరియొక కుటుంబమున తండ్రి కోడలికిని, కుమారుడు తల్లికిని సొమ్మిచ్చి, ఆ ఇద్దరు స్త్రీలు దానితో ఆస్తి కొనగా, అది చుట్టు త్రిప్పి తమ తమ భార్యలకు ఇచ్చుకొనుటయేయని అదే న్యాయస్థానము గుర్తించెను.

ఈ తీర్పులలో ఆలోచింపదగిన మాట మరియొకటి కలదు. భార్యయెడల ప్రేమచేత ఇచ్చితిని గనుక ఆ ప్రేమయే తగిన ప్రతిఫలమని ఒకరు వాదించగా, 1961లో సుప్రీం కోర్టు దానిని అంగీకరింపలేదు. ప్రేమ ఎంత గొప్పదైనను పన్ను చట్టమునకు అది కొలువదగిన వెల కాదనిరి. ఈ తీర్పు వివాహమును అవమానించుచున్నదని ఎంచనక్కరలేదు. ప్రేమకు రూపాయలలో వెల కట్టకుండుటయే ప్రేమకు గౌరవము. ప్రేమతో ఇచ్చినవాడు, ఆ ప్రేమను పన్ను రసీదుగా చూపుటకు ఏల తొందరపడవలెను?

న్యాయమైన ఒక వాదము

అయితే ఎదుటి పక్షమున గట్టి వాదము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ఒక స్త్రీ ఇరువది యేండ్లు వంట చేసి, పిల్లలను పెంచి, అత్తమామలకు పరిచర్య చేసెను. ఆమె ఇల్లు నడుపబట్టియే భర్త నిశ్చింతగా ఉద్యోగము చేసెను. ధర్మము చొప్పున అతని సంపాదనలో సగము ఆమెది కాదా? సగము ఆమెదే అయినప్పుడు సగమునకు పన్ను ఆమె పేరిట లెక్కించుట మోసమెట్లగును? చట్టమే ఆమె శ్రమను చూడనేరక కన్నులు మూసికొన్నదని ఒక భర్త అనవచ్చును.

ఈ వాదము ఊహమాత్రమైనది కాదని గోవా రాష్ట్రము చూపుచున్నది. పోర్చుగీసు వారి కాలమునుండి వచ్చిన పౌరస్మృతిని బట్టి, అక్కడ వివాహమునకు ముందు వేరు ఒప్పందము లేనియెడల దంపతుల ఆస్తి ఉమ్మడిదగును. అట్టి దంపతుల విషయములో ఆదాయపు పన్ను చట్టము, 1994లో చేర్చబడిన 5ఎ సెక్షను ద్వారా, జీతము తప్ప మిగిలిన ఆదాయమును ఇద్దరికి చెరిసగముగా పంచుచున్నది. కాబట్టి ఒకే దేశములో హైదరాబాదు క్రైస్తవ దంపతులకు ఒక లెక్క, గోవా దంపతులకు మరియొక లెక్క.

కాని గోవా పద్ధతిలో పన్ను సగమగుటకు ముందు హక్కు సగమైనది. స్థిరాస్తిని అమ్మవలెనన్నచో అక్కడ భార్య సమ్మతి కావలెను. ఆమె సగము ఆమెదేయని ప్రభుత్వము అంగీకరించినట్లే, భర్తయు అంగీకరింపక తప్పదు. మిగిలిన చోట్ల సగము పన్ను కోరు భర్త, సగము హక్కు ఇచ్చుటకు సిద్ధముగా ఉన్నాడా? ఉన్నచో అతడు చట్టమును మార్చుడని బహిరంగముగా అడుగవచ్చును; అడుగుట మంచిదే. మారువరకు ఆ సగమును అసత్యముచేత తీసికొనుట అతనికి తగదు.

కాగితము మీది కానుక

ఈ ప్రశ్నయంతయు ఒకే చోటికి వచ్చి నిలుచుచున్నది. భార్య పేరిట డిపాజిట్టు ఉన్నది. ఆమె తన వృద్ధురాలైన తల్లి వైద్యమునకై అందులోనుండి ఇరువది వేలు తీయవలెననుకొన్నది. భర్త ఏమనును? “అది నా డబ్బు, నన్ను అడుగకుండ ఎట్లు తీయుదువు?” అని అన్నచో, కానుక ఎన్నడును ఇవ్వబడలేదు. పన్ను అధికారి యెదుట అది ఆమెదనియు, వంటయింటిలో అది తనదనియు చెప్పువాడు, ఒకే సొమ్మును గూర్చి రెండు మాటలు పలికినవాడు. ఆ రెంటిలో ఒకటి తప్పక అబద్ధము. కార్యాలయములో పలికినది అబద్ధమైనచో దొంగిలబడినది ప్రజల సొమ్ము. ఇంటిలో పలికినది అబద్ధమైనచో దొంగిలబడినది భార్య సొమ్ము.

సొంత ఆస్పత్రిగాని పాఠశాలగాని వ్యాపారముగాని ఉన్నవారికి ఇదే శోధన వేరు రూపమున వచ్చుచున్నది. ఎన్నడును ఆ గుమ్మము త్రొక్కని భార్యకు నెలనెలా జీతము వ్రాయుదురు. భర్తకు గణనీయమైన వాటా ఉన్న సంస్థనుండి భార్య పుచ్చుకొను జీతమును చట్టము భర్త ఆదాయములోనే కలుపును. ఆమెకు వృత్తి నైపుణ్యమో సాంకేతిక విద్యయో ఉండి, ఆ జీతము కేవలము దానివలననే వచ్చినదైనచో మాత్రము ఆమెదిగా విడిచిపెట్టును. ఇందులో ఒక విషాదము దాగియున్నది. నిజముగా ఆ సంస్థలో రాత్రింబగళ్లు పనిచేయు భార్యలు అనేకులకు జీతమే లేదు. పనిచేయని భార్య సంతకమునకు మాత్రము జీతము కలదు.

అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయములోని అననీయ, సప్పీరాల వృత్తాంతము దంపతుల ధనమును గూర్చినదేయని తరచుగా మరచిపోవుదురు. వారిద్దరు ఏకమనస్సు కలవారు. భర్త చేసినది భార్యకు తెలియును, ఆమె సమ్మతియు ఉండెను. ఐకమత్యమునకు కొదువ లేదు, అబద్ధములో ఏకమైరి. ఆ పొలము అమ్మకముందు వారిదేననియు, అమ్మిన తరువాత వెలయు వారి వశముననే ఉండెననియు పేతురు వారి హక్కును ఒప్పుకొనెను. ఉంచుకొన్నందుకు కాక, ఇయ్యనిదానిని ఇచ్చినట్లు కనుపరచినందుకు వారిమీద తీర్పు వచ్చెను. మరియొక సంగతి గమనింపవలెను. మూడు గంటల తరువాత సప్పీరా వచ్చినప్పుడు, భర్త మాటయే ఆమె మాటయని పేతురు ఎంచలేదు. ఆమెను ప్రత్యేకముగా అడిగెను. సత్యము చెప్పుటకు ఆమెకు తన సొంత అవకాశము దొరకెను. ఏక శరీరమైనను మనస్సాక్షి ఎవరిది వారిదే. భర్త చూపిన చోట చదువకుండ సంతకము చేయు భార్యలును, చేయించు భర్తలును ఈ సంగతిని తలంచుకొనవలెను.

భార్య జీతము

అద్దమునకు రెండవ ప్రక్కయు చూడవలెను. తెలుగు క్రైస్తవ సంఘములలో ఉపాధ్యాయినులుగా, నర్సులుగా పనిచేసిన స్త్రీలు తరతరములుగా ఉన్నారు. వారి జీతము వారి పేరిట వచ్చును. పన్ను వారి పేరిట పట్టబడును. కాని ఏటియం కార్డు భర్త జేబులో ఉండును. తన పుట్టినింటికి వెళ్లుటకు బస్సు చార్జీ అడిగి పుచ్చుకొను ఉద్యోగిని పన్ను లెక్కలో ఆదాయము కలది, ఇంటి లెక్కలో బిచ్చమెత్తునది. ఇట్టి యింట “మనమిద్దరము ఒక్కటే” అను మాట, ఇంగ్లండు దేశపు పాత న్యాయమును దొడ్డిదారిన లోపలికి తెచ్చుటయే.

లేఖనములు స్త్రీ సొత్తును గూర్చి సిగ్గుపడలేదు. సామెతలు ముప్పది యొకటవ అధ్యాయములోని గృహిణి తానే ఆలోచించి పొలము కొనును, తన చేతి కష్టార్జితముతో ద్రాక్షతోట నాటించును. ఆమె చేతిపని ఫలము ఆమెకే చెందవలెనని ఆ అధ్యాయము ముగియుచున్నది. హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, ప్రభువునకును శిష్యులకును తమ కలిమిచేత ఉపచారము చేసిన స్త్రీలలో ఒకతెయని లూకా ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఆమె చేతిలో ఏమియు లేనియెడల ఆమె ఇచ్చుటకు ఏమి ఉండెడిది? తనదని చెప్పుకొనుటకు ఏమియు లేనివారు కానుకపెట్టెలో వేయునది భర్త కానుకయేగాని తమ కానుక కాదు. కాబట్టి భార్య సొత్తును గౌరవించుట ఆమె దాతృత్వమును గౌరవించుటయే.

పెండ్లినాడు ఆమెకు వచ్చిన నగలు, కానుకల విషయమును ఇట్టిదే. 1985లో సుప్రీం కోర్టు, స్త్రీధనము భర్త యింట ఉంచబడినను అది ఆమెదేననియు, దానిని కాజేసినవారు నమ్మకద్రోహ నేరమునకు పాత్రులగుదురనియు తీర్పు చెప్పెను. వరకట్నమైతే 1961 నాటి చట్టమే నిషేధించినది. దానికి “కానుక” అని పేరు పెట్టి సంఘపు పెద్దలు కన్నులు మూసికొనినను దాని స్వభావము మారదు. వేరొకరి చేతినుండి పిండుకొన్నది కానుక కానేరదు.

ఇంటిలో చేయవలసినవి

భార్యకు ఇయ్యదలచిన భర్త నిజముగా ఇయ్యవలెను. పాస్‌బుక్కు ఆమె చేతిలో ఉండవలెను. ఖర్చు చేయుటకు ఆమెకు స్వేచ్ఛ ఉండవలెను. దానిపై వచ్చు ఆదాయమును చట్టము చెప్పినట్లు తన లెక్కలో చూపి తానే పన్ను చెల్లించవలెను. ఇట్లు చేయువాడు రెండు విధముల ఇచ్చువాడగును. సొమ్మును ఇచ్చును, దానిమీది పన్నును మోయును. కానుకకు ఖర్చు తగులుటలో ఆశ్చర్యమేమున్నది? ఆ ఆదాయమును ఆమె మరల మదుపు చేసినకొలది, అది న్యాయముగానే ఆమెదై పెరుగును. ఓపిక గలవానికి చట్టము మార్గము తెరచియే యుంచినది.

మరణమును గూర్చియు మాటలాడుకొనవలెను. వీలునామా లేకుండ క్రైస్తవ భర్త చనిపోయి, పిల్లలున్నచో, భార్యకు మూడవ వంతు మాత్రమే వచ్చును. మిగిలిన రెండు వంతులు పిల్లలవి. బ్రతికియుండగా “నాదంతయు నీదే” అని వెయ్యి మారులు చెప్పినను, ఒక్క కాగితము వ్రాయని భర్త, ముసలితనములో ఆమెను పిల్లల దయకు విడిచిపోయినవాడగును. తన సొంత సంపాదన గల భార్యకును ఈ బాధ్యత కలదు, ఆమెయు వ్రాయవలెను.

మార్చి నెలాఖరుకు లెక్కలు ముగించు వేళ, దంపతులు బల్లయొద్ద కలిసి కూర్చుండి ఆ కాగితములను ఇద్దరును చదువుట మంచి అలవాటు. ప్రతి డిపాజిట్టు దగ్గర ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును: ఇది ఎవరిదని ప్రభుత్వమునకు చెప్పుచున్నామో, ఇంటిలోను అట్లే జరుగుచున్నదా? రెండు చోట్లను ఒకే జవాబు వచ్చినయెడల సంతకము చేయవచ్చును. రానియెడల, దిద్దవలసినది రిటర్నా, లేక ఇంటి పద్ధతియా అని ఇద్దరును కలిసి తేల్చుకొనిన తరువాతనే కలము పట్టవలెను.